గేదె మీద లాభమా, నష్టమా? లెక్క ఎక్కడ తిరగబడుతుంది

జాతీయ గణాంక కార్యాలయం 2019లో వ్యవసాయ కుటుంబాల స్థితిగతుల మీద చేసిన సర్వేలో అవే కుటుంబాలకు రెండు ఆదాయాలు అచ్చయ్యాయి. 2018 జూలై నుంచి 2019 జూన్ దాకా దేశంలో సగటు వ్యవసాయ కుటుంబానికి నెలకు 10,218 రూపాయలు వచ్చాయన్నది ఒకటి, 8,337 వచ్చాయన్నది రెండోది. మొదటిది చేతి నుంచి డబ్బు పెట్టిన ఖర్చులు మాత్రమే తీసేసిన లెక్క. రెండోదాంట్లో కొనకుండా ఇంటి నుంచే సమకూరిన వాటికి కూడా వెల కట్టి తీసేశారు.

తేడా 1,881. అది ఎక్కడ వచ్చిందో చూడండి. కూలి, జీతాల మీద వచ్చే 4,063 రెండు లెక్కల్లోనూ అంతే. పంటల మీద ఆదాయం 3,798 నుంచి 3,058కి, అంటే సుమారు అయిదో వంతు తగ్గింది. పశువుల మీద ఆదాయం మాత్రం 1,582 నుంచి 441కి పడిపోయింది. అవే గేదెలు, అవే పాలు, అదే ఏడాది. వెల కట్టే పద్ధతి మారేసరికి ఆదాయంలో మూడొంతులకు దగ్గరగా మాయమైంది.

చిన్న వ్యాపారాల ఉత్పాదకత, లాభం, కుటుంబ ఆదాయం మీద వచ్చే పరిశోధన ఏది చదివినా నేను ముందు వెతికేవి మూడు: ఇంటి మనిషి శ్రమకు ఎంత వెల కట్టారు, ఏ నెలల్లో వెళ్ళి అడిగారు, ఎవరి చేతి డబ్బును ఆదాయం అన్నారు. రాబడి ప్లస్సా మైనస్సా అన్నది ఎక్కువసార్లు ఈ మూడింటి దగ్గరే తేలిపోతుంది. ఈ మూడూ ఒకేచోట కనిపించేది గేదె దగ్గరే కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

ఒక ముర్రా గేదె అనుకుందాం. ఈ ధరలు ఉదాహరణకే, మీ ఊరి ధరలు వేసుకుని మళ్ళీ చేసుకోండి, పద్ధతి మారదు. కొన్నది 90,000కి. దీనికి ఏడాది లెక్క కుదరదు, ఈతకూ ఈతకూ మధ్య కాలం తీసుకోవాలి. అది 430 రోజులు అనుకుంటే, పాలిచ్చేది 290 రోజులు, వట్టిపోయి ఉండేది 140 రోజులు. సగటున రోజుకు 6 లీటర్లు, అందులో 5 లీటర్లు పాల సేకరణ కేంద్రానికి, లీటరు ఇంటికి. లీటరుకు 55 రూపాయలు. కేంద్రం నుంచి వచ్చేది 79,750. ఇంట్లో తాగిన పాల విలువ 15,950. పేడకు 4,000, దూడకు 5,000 వేస్తే మొత్తం 1,04,700.

ఇక ఖర్చు. పాలిచ్చే రోజుల్లో 3 కిలోల దాణా, వట్టి రోజుల్లో కిలో, కిలో 28 రూపాయల లెక్కన 28,280. ఎండుగడ్డి రోజుకు 6 కిలోలు, కిలో 5 రూపాయలు, 12,900. పచ్చిగడ్డి రోజుకు 15 కిలోలు, కిలో రూపాయిన్నర, 9,675. మందులు, సూది, ఖనిజ మిశ్రమం, బీమా కలిపి 6,000. మొత్తం 56,855. నాలుగు ఈతల తర్వాత 45,000కి అమ్ముతారనుకుంటే ఒక్కో ఈతకు తరుగుదల 11,250.

ఇప్పుడు అదే గేదెకు వరసగా మూడు జవాబులు. ఇంటావిడను అడిగితే కేంద్రం వాళ్ళు ఇచ్చినదాంట్లోంచి దాణా, మందులు పోగా 45,470 అంటుంది. గడ్డి సొంత పొలానిదీ గట్టు మీదదీ కాబట్టి ఆమె లెక్కలో అది ఖర్చే కాదు. గడ్డికి వెల కట్టి, ఇంటి పాలు, పేడ, దూడ కలిపి, తరుగుదల తీసేస్తే 36,595. పెట్టిన 90,000 మీద ఏడాదికి 34 శాతం పైన. ఏ బ్యాంకూ ఇవ్వని రాబడి.

మూడోది శ్రమ కలిపిన లెక్క. గడ్డి కోసుకురావడం, దాణా నానబెట్టడం, కడగడం, పేడ తియ్యడం, రెండు పూటలా పితకడం, కేంద్రానికి పోసి రావడం కలిపి రోజుకు రెండున్నర గంటలు. 430 రోజులకు 1,075 గంటలు, అంటే ఎనిమిది గంటల కూలి దినాలు 134 పైన. రోజు కూలి 350 వేస్తే దాదాపు 47,000. 36,595లోంచి అది తీసేస్తే సుమారు 10,400 నష్టం. 90,000 అప్పు తెచ్చింది అయితే దాని మీద వడ్డీ ఇంకా తియ్యనేలేదు.

ఆర్థికవేత్తలు సంతోష్ అనాగోల్, అల్విన్ ఎటాంగ్, డీన్ కార్లాన్ ఉత్తరప్రదేశ్‌లో రెండు జిల్లాల సమాచారంతో వేసిన లెక్కలో జరిగింది ఇదే. ఇంటివాళ్ళ శ్రమకు మార్కెట్ కూలి కడితే ఆవుల మీద రాబడి మైనస్ 64 శాతం, గేదెల మీద మైనస్ 39 శాతం. శ్రమను సున్నా అనుకుంటే ఆవుల మీద మైనస్ 6, గేదెల మీద ప్లస్ 13. దీని మీద పెద్ద చర్చే నడిచింది. ఇంత నష్టానికి పశువులను ఎందుకు ఉంచుకుంటారు, భక్తి వల్లనా, ఆచారం వల్లనా అని.

దానికి జవాబు మన అనంతపురం నుంచి వచ్చింది. ఒరాజియో అట్టనాసియో, బ్రిట్టా ఆగ్స్‌బర్గ్ అనంతపురం జిల్లాలో మూడేళ్ళ సమాచారం తీసుకుని చూశారు. మూడేళ్ళలో ఒక ఏడాది రాబడి చాలా ఎక్కువ. కరువు ఏళ్ళలో మాత్రం ఉత్తరప్రదేశ్ లెక్కలాగే ఉంది. రాయలసీమలో పశువులున్నవాళ్ళకు ఇది వింతేమీ కాదు. వాన లేకపోతే వేరుశనగ కట్టె ఉండదు, గడ్డి కొనాలి, దాని ధర ఆ ఏడే పెరుగుతుంది, మేత తగ్గి పాలూ తగ్గుతాయి. పైగా అందరూ ఒకేసారి అమ్మకానికి తోలడంతో సంతలో పశువు ధరా పడిపోతుంది. ఒక్క ఏడాది సర్వేలో ఆ ఏడు పడితే వచ్చేది కరువు రాబడి. దాన్ని పశువు రాబడి అనడానికి లేదు.

శ్రమ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పూర్తి కూలి కట్టడమూ తప్పే, సున్నా కట్టడమూ తప్పే. తెల్లవారుజామున గంటంబావు, సాయంత్రం గంటంబావు ఎవరూ కూలికి పిలవరు. ఆ గంటలు 350 రూపాయల దినంలో ముక్కలు కావు. అలాగని వాటికి విలువ లేదనడం ఆ పని చేసే ఆడవాళ్ళను లెక్కలోంచి తుడిచేయడమే. సరైన పద్ధతి ఏమిటంటే లాభాన్ని గంటలతో భాగించి చూపించడం. పై గేదె మీద 36,595ని 1,075 గంటలకు పంచితే గంటకు 34 రూపాయలు, ఎనిమిది గంటలకు 272. పెట్టుబడికి ఏడాదికి 12 శాతం వడ్డీ కూడా తీస్తే దినానికి 178కి దిగుతుంది. ఇలా చెబితే చదివేవాళ్ళే పోల్చుకోగలరు: ఆమెకు ఆ వేళల్లో వేరే పని దొరుకుతుందా, దొరికితే ఎంతకు దొరుకుతుంది అని. రెండో గేదె కొంటే అయిదు గంటలు పట్టదు, మూడున్నరతో సరిపోవచ్చు. అప్పుడు గంట విలువ ఎలా మారుతుందో కూడా ఈ పద్ధతిలోనే కనిపిస్తుంది.

గంటలు అడిగేటప్పుడు మొత్తంగా "రోజుకు ఎన్ని గంటలు?" అంటే వచ్చే అంకె పనికిరాదు. పనుల వారీగా, మనుషుల వారీగా అడగాలి. పేడ ఎవరు తీస్తారు, ఎంతసేపు, గడ్డికి ఎవరు వెళ్తారు అని. బడికి వెళ్ళే ముందు పిల్లవాడు కేంద్రానికి పోసి వచ్చే ఇరవై నిమిషాలు, మంచం మీద కూర్చునే గేదెను కాసే తాతగారి నాలుగు గంటలు ఒకే రేటుకు కట్టేస్తే లెక్క పాడవుతుంది.

ఉత్పాదకత గురించి ఒక మాట. గేదెకు ఎన్ని లీటర్లు అన్నది ఉత్పాదకతే, కానీ అది పెరిగితే లాభం పెరగాలని లేదు. గేదె ఇచ్చే ప్రతి 2 లీటర్లకు కిలో దాణా అన్నది పాత కొలత. 28 రూపాయల దాణాకు 110 రూపాయల పాలు వస్తున్నంత వరకు పెట్టవచ్చు. గేదె తన శక్తి మేరకు ఇచ్చేస్తున్న దశ దాటాక అదే అదనపు కిలోకు అర లీటరు కూడా రాకపోవచ్చు. అప్పుడు లీటర్లు పెరుగుతాయి, చేతికొచ్చేది తగ్గుతుంది. ఇక కేంద్రంలో ధర వెన్న శాతాన్ని బట్టి ఉంటుంది కనుక రూపాయల్లో కొలిచిన ఉత్పాదకతలో పరిమాణం, నాణ్యత, ధర మూడూ కలిసిపోయి ఉంటాయి. ఈజిప్టులో చేతితో తివాచీలు నేసేవాళ్ళ మీద డేవిడ్ అట్కిన్, అమిత్ ఖండేల్వాల్, ఆడమ్ ఉస్మాన్ చేసిన ప్రయోగంలో ఎగుమతి ఆర్డర్లు దొరికినవాళ్ళు గంటకు నేసే కొలత తగ్గింది, లాభం పెరిగింది. నాణ్యమైన నేతకు ఎక్కువ సేపు పడుతుంది, ధర అంతకన్నా ఎక్కువ వస్తుంది. చదరపు మీటర్లు మాత్రమే కొలిచి ఉంటే వాళ్ళు వెనకబడ్డారని రాయాల్సి వచ్చేది. చేనేత మగ్గాల మీద ఎవరైనా ఉత్పాదకత లెక్క వేస్తుంటే ఈ ప్రయోగాన్ని ముందు చదవాలి.

వ్యవసాయేతర చిన్న సంస్థలకు ఇప్పుడు ప్రభుత్వ వార్షిక సర్వే ఉంది. 2023 అక్టోబరు నుంచి 2024 సెప్టెంబరు దాకా జరిగిన విడతలో 7.34 కోట్ల సంస్థలు, వాటిలో 12.06 కోట్ల మంది పనివాళ్ళు తేలారు. ఒక్కో పనివాడికి జోడించిన విలువ ఏడాదికి 1,49,742 రూపాయలు, అంతకుముందు ఏడాది 1,41,769. దీన్ని చాలామంది ఆదాయం అని రాసేస్తున్నారు, కాదు. సరుకు, కరెంటు లాంటివి పోగా మిగిలిన విలువ ఇది. బాడుగ, అప్పు మీద వడ్డీ, జీతగాళ్ళ జీతం ఇందులోంచే వెళ్ళాలి. భాగించిన తలల్లో యజమానీ ఉన్నాడు, జీతం లేకుండా కొట్లో కూర్చునే భార్యా ఉంది. జీతానికి పనిచేసేవాళ్ళ సగటు సంపాదన అదే ఏడాది 1,41,071 అని చూసి, యజమానికీ జీతగాడికీ తేడానే లేదని తేల్చడం ఇంకో పొరపాటు. జీతగాళ్ళను పెట్టుకునే సంస్థలు మొత్తంలో కొద్ది భాగమే, అవి పెద్దవి, వాటి ఉత్పాదకత వేరు. సగటు తీసింది ఒక గుంపులో, పోల్చింది ఇంకో గుంపుతో.

ఇప్పుడు ఎలా అడగాలన్నది. చిన్న కొట్టుకు పుస్తకం ఉండదు. అమ్మకం ఎంత, ఖర్చు ఎంత అని విడివిడిగా అడిగి తీసివేసుకోవడం శాస్త్రీయంగా కనిపిస్తుంది. సురేశ్ ద మెల్, డేవిడ్ మెకెంజీ, క్రిస్టొఫర్ వుడ్రఫ్ శ్రీలంకలో దీన్ని పరీక్షించారు. అమ్మకాలను సుమారు 30 శాతం తక్కువ చెబుతున్నట్టు తేలింది. రోజూ రాసుకోమని పుస్తకాలు ఇచ్చినవాళ్ళు చెప్పిన అమ్మకాలూ పెరిగాయి, ఖర్చులూ పెరిగాయి, లాభం మాత్రం మారలేదు. పైగా ఈ నెల కొన్న సరుకు వచ్చే నెలలో అమ్ముడుపోతుంది కనుక తీసివేతలో వచ్చే అంకె అటూ ఇటూ ఊగిపోతుంది. దీపావళికి ముందు నెలలో బట్టల కొట్టుకు భారీ నష్టం, పండగ నెలలో భారీ లాభం కనిపిస్తాయి, రెండూ నిజం కాదు. లాభం ఎంతని నేరుగా అడగడమే మేలన్నది వాళ్ళ నిర్ణయం.

నేరుగా అడగడంలోనూ ఒక చిక్కుంది. "పోయిన నెల ఎంత మిగిలింది?" అంటే "ఏం మిగల్లేదండీ" అంటారు. నిజమే చెబుతున్నారు. గల్లాపెట్టెలోంచి రోజూ కూరలకు తీసింది, ఫీజుకు తీసింది, గ్యాస్ బండకు తీసింది పోగా ఏమీ మిగల్లేదు. అందుకని ప్రశ్న ఇలా ఉండాలి: "సరుక్కి, బాడుగకి, కరెంటుకి, పనివాళ్ళకి ఇచ్చింది తీసెయ్యండి. ఇంట్లోకి వాడుకున్నది, మీరు తీసుకున్నది మాత్రం తియ్యొద్దు. అలా చూస్తే పోయిన నెల కొట్టు మీద ఎంత వచ్చింది?" ఆ వెంటనే ఇంకో రెండు అడగాలి. కొట్లోని సరుకు ఇంట్లో వండుకున్నది ఎంత, నెల మొదట్లో కొట్లో ఎంత సరుకుంది, ఆఖరున ఎంత ఉంది. అరువు ఇచ్చింది రాకపోతే అది కూడా రాసుకోవాలి. పల్లె కిరాణాలో అరువు ఖాతా చూడకుండా లాభం రాస్తే ఆ అంకెను నేను నమ్మను.

గేదె దగ్గర నెల ప్రశ్న అస్సలు పనికిరాదు. పై లెక్కలోనే పాలిచ్చే నెలలో 8,250 రాబడి, 2,520 దాణా, అంటే 5,730 మిగులు. వట్టిపోయిన నెలలో దాణాకు 840 చేతి నుంచి పోవడమే. ఊళ్ళో గేదెలు ఎక్కువగా ఏ కాలంలో ఈనుతాయో ఆ కాలంలో వెళ్ళినవారికి ఊరు కళకళలాడుతూ కనిపిస్తుంది, నాలుగు నెలలు తేడాగా వెళ్ళినవారికి వేరే ఊరు కనిపిస్తుంది. 2019 సర్వే అయితే అవే కుటుంబాల దగ్గరకు రెండుసార్లు వెళ్ళింది.

మూడోది, ఎవరి చేతి డబ్బు. ద మెల్, మెకెంజీ, వుడ్రఫ్‌లే శ్రీలంకలోని కలుతర, గాలె, మాతర జిల్లాల్లో చిన్న వ్యాపారులకు లాటరీ తీసి 10,000 లేదా 20,000 శ్రీలంక రూపాయల నగదో, అంత విలువైన సరుకో ఊరికే ఇచ్చారు. పెట్టుబడి మీద రాబడి నెలకు 4.6 నుంచి 5.3 శాతం తేలింది. విడదీసి చూస్తే మగవాళ్ళ వ్యాపారాల్లో లాభం పెరిగింది, ఆడవాళ్ళవాటిలో పెరగలేదు. ఆడవాళ్ళకు పెట్టుబడి ఇచ్చి లాభం లేదని ఎన్నోచోట్ల రాశారు. తర్వాత ఎరియల్ బెర్న్‌హార్ట్, ఎరికా ఫీల్డ్, రోహిణి పాండే, నటాలియా రిగోల్ భారత్, శ్రీలంక, ఘనాల సమాచారాన్ని మళ్ళీ తిరగేశారు. ఆమెకు ఇచ్చిన డబ్బు భర్త వ్యాపారంలోకి వెళ్తోంది. ఇంట్లో వ్యాపారం ఆమెది ఒక్కటే ఉన్నచోట ఆ తేడా లేదు. కుటుంబం మొత్తం ఆదాయం తీసుకుంటే డబ్బు ఎవరికి ఇచ్చినా పెరుగుదల ఒకేలా ఉంది. ఆమె కుట్టుమిషన్ దగ్గర కొలిచినవాళ్ళకు దొరకని లాభం ఆయన కొట్లో ఉంది. డబ్బు మీద ఆమెకు అధికారం ఎంత ఉందన్నది వేరే ప్రశ్న, చాలా ముఖ్యమైన ప్రశ్న. కానీ దాన్ని రాబడి లెక్కతో తేల్చకూడదు.

సర్వే పత్రంలో దీనికి పరిష్కారం కష్టమేమీ కాదు. ఒక వ్యాపారం గురించి అడగడం మొదలెట్టకముందే ఆ ఇంట్లో ఉన్న వ్యాపారాలన్నీ, పశువులతో సహా, జాబితా రాసుకోవాలి. డబ్బు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్ళిందా అని ప్రతిదానికీ అడగాలి. కూలి ఆదాయం కూడా అప్పుడే రాయాలి. మొరాకో పల్లెల్లో చిన్న రుణాల మీద జరిగిన అధ్యయనంలో సొంత పని మీద లాభం పెరిగింది, కూలికి వెళ్ళడం తగ్గి ఆ ఆదాయం పోయింది, ఇంటి మొత్తం ఆదాయంలో గానీ ఖర్చులో గానీ పెరుగుదల కనబడలేదు. వ్యాపారం లాభం ఒక్కటే చూస్తే విజయం, ఇల్లు చూస్తే యథాతథం.

చిన్న రుణాల మీదే జరిగిన హైదరాబాద్ అధ్యయనాన్ని క్లుప్తంగా చెబుతాను. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, రేచెల్ గ్లెనర్‌స్టర్, సింథియా కినన్ 104 బస్తీలు తీసుకున్నారు. లాటరీలో వచ్చిన 52 బస్తీల్లో స్పందన అనే సూక్ష్మరుణ సంస్థ ముందుగా రుణాలు మొదలుపెట్టింది. మొదటి రుణం 10,000, 50 వారాల్లో తీర్చాలి. ఏడాదిన్నర లోపల చూస్తే అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్ళు పెట్టుబడి పెంచారు, సగటు లాభం పెరిగింది. ఆ పెరుగుదలంతా పైఅంచున ఉన్న కొద్దిమందిది, మధ్యలో ఉన్న వ్యాపారానికి తేడా లేదు. కుటుంబాల మొత్తం ఖర్చులో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు. చిన్న వ్యాపారాల పరిశోధనలో సగటు ఒక్కటే ఇచ్చి, మధ్యలో ఉన్నవారి సంగతి ఇవ్వని పట్టికను పక్కన పెట్టెయ్యాలని నేను అనుకోవడానికి ఇదే కారణం.

వ్యాపారమే లేని ఇళ్ళను వదిలేస్తే ఇంకో పెద్ద ముక్క పోతుంది. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్స్ తెచ్చాక ఇక్కడ వసూళ్ళు నిలిచిపోయాయి. ఇక్కడ డబ్బు ఇరుక్కున్న సంస్థలు ఇతర రాష్ట్రాల్లోనూ రుణాలు తగ్గించుకున్నాయి. ఎమిలీ బ్రెజా, సింథియా కినన్ అలా రుణాలు తగ్గిన ఇతర రాష్ట్రాల జిల్లాలను పట్టుకుని చూస్తే కూలి రేట్లు పడిపోయాయి, కుటుంబాల ఆదాయం, ఖర్చు తగ్గాయి. రుణం తీసుకోనివాళ్ళకూ, ఆర్డినెన్స్ పేరే విననివాళ్ళకూ అది తగిలింది, ఎందుకంటే వాళ్ళను పనికి పిలిచేవాళ్ళ చేతిలో డబ్బు ఆడలేదు. కాబట్టి ఒక ఊళ్ళో చిన్న వ్యాపారాలకు పెట్టుబడి ఇచ్చి ఫలితం కొలుస్తున్నప్పుడు వ్యాపారం లేని కూలి ఇళ్ళను కూడా నమూనాలో కలపాలి. వాళ్ళను లాభం అడగక్కర్లేదు. పోయిన వారం ఎన్ని రోజులు పనికి పిలిచారు, రోజుకు ఎంత ఇచ్చారు, ఆ పని ఎవరి దగ్గర అన్నవి అడిగి రాసుకుంటే సరిపోతుంది.